మంచులో రెండో పళ్ళెం

మా స్నేహితురాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. చెడు సావాసం అనగానే అందరికీ ఒక సిగరెట్టు, ఒక సీసా, ఒక వెకిలి నవ్వు గుర్తొస్తాయి. ఆ నలుగురిలో అలాంటిది ఒక్కతీ లేదు. హాస్టల్లో నాకు జ్వరం వస్తే మూడు రోజులు క్లాసు మానేసి, మెస్సులో బతిమాలి గంజి కాయించి తెచ్చి తాగించిన పిల్ల ఉంది అందులో. నా ప్రాక్టికల్ రికార్డుకి బొమ్మలు వేసిపెట్టిన పిల్ల ఉంది. వాళ్ళు చెడ్డవాళ్ళయి ఉంటే నా పని సులువయ్యేది, తిట్టుకుని ఊరుకునేదాన్ని.

ఇప్పుడు నేను రాజమహేంద్రవరంలో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. ఏటా కొత్త పిల్లలు చేరగానే, తోటివాళ్ళ ఒత్తిడికి లొంగకూడదని నాలుగు ముక్కలు చెప్పమని నన్నే లేపుతారు. వద్దు అనడం నేర్చుకోండమ్మా అని చెప్పి కూర్చుంటాను. పిల్లలు చప్పట్లు కొడతారు. వద్దు అని నేనూ అన్నాను, ఏం లాభం? అన్నాక ఏం జరిగిందో వాళ్ళకి ఎప్పుడూ చెప్పలేదు.

మాది గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో, వేట మీద బతికే ఊరు. చలికాలంలో మంచు దిగిందంటే అక్కడ నది కనిపించదు, అవతలి లంక కనిపించదు, చాచిన చెయ్యి మణికట్టు దాకానే ఉంటుంది. అది కూడా పరవాలేదు. భయపెట్టేది చప్పుడు. మంచులో చప్పుడుకి దిక్కుండదు. పెరట్లో కోడి కూస్తే నీళ్ళ మీంచి కూసినట్టుంటుంది. పక్కన నిలబడ్డ మనిషి దగ్గితే వెనక్కి తిరిగి చూస్తాం. నీళ్ళ మీదున్నవాడికైతే ఒడ్డు ఎటుందో, నది సముద్రంలో పడే మొగ ఎటుందో బొత్తిగా తెలియదు.

అందుకని మా రేవులో ఒక కట్టుబాటు ఉంది. మంచు దిగిన పొద్దున, తెల్లారకముందు వేటకి పోయిన నావలు తిరిగొచ్చే వేళకి, రేవులో ఒకే ఒక మనిషి నిలబడి ఇత్తడి పళ్ళెం మీద పప్పుగుత్తితో కొట్టాలి. రోజుకొక ఇంటి వంతు. ఇంకెవరూ కొట్టకూడదు, కేకెయ్యకూడదు, పేరుపెట్టి పిలవకూడదు. తన మనిషి నావ రాలేదని గుండె పీచుపీచుమంటున్న ఆడది కూడా నోట్లో కొంగు కుక్కుకుని నిలబడాలే తప్ప అరవడానికి లేదు. రెండు చోట్ల నుంచి చప్పుడు వస్తే నావ ఎటు తిరుగుతుంది? రేవంతా మనుషులుంటారు. ఊపిరి చప్పుడు తప్ప ఏమీ ఉండదు. తెల్లటి మంచులో నలభై మంది నోళ్ళు మూసుకుని నిలబడి ఉండగా ఆ పళ్ళెం ఒక్కటే మోగుతూ ఉంటే, చిన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించేది.

నా ఎనిమిదో ఏట నాన్న పోయాడు. అమ్మనీ నన్నూ సాకింది చిన్నాన్నే. ఆయనకి పిల్లల్లేరు, చిన్నమ్మ ఎప్పుడో పోయింది. మా పక్కిల్లే. పదేళ్ళప్పుడు పప్పుగుత్తి నా చేతికిచ్చి కొట్టడం నేర్పింది ఆయనే. రెండు దెబ్బలు, ఆగాలి, మళ్ళీ ఒక దెబ్బ. దెబ్బ కన్నా ఆగడమే ముఖ్యం, ఆ ఆగినప్పుడే నీళ్ళ మీదున్నవాడు వింటాడు అనేవాడు. నాకేమో ఎప్పుడూ తొందర, మూడో దెబ్బ కాస్త ముందే పడిపోయేది. నీ చెయ్యి ఎక్కడున్నా తెలిసిపోతుందే అని నవ్వేవాడు. నాది ఒక్కటే కాదు, ఎవరి చెయ్యైనా చెప్పేవాడు. ఇంజిన్ చప్పుడు వింటే అది ఎవరి నావో, అందులో చేప పడిందో లేదో కూడా చెప్పేవాడు. మా ఊళ్ళో అంతటి చెవి ఇంకొకరికి లేదు.

డిగ్రీకి కాకినాడలో హాస్టల్లో చేరాను. నా గదిలో పిల్లలంతా వ్యవసాయం ఇళ్ళవాళ్ళు. వరి చేలు, కొబ్బరి తోటలు. చేపల వాసన వస్తుందేమోనని నేను ఒళ్ళు ఎర్రబడేలా సబ్బు రుద్దుకునేదాన్ని. మొదటి ఏడాదంతా ఎవరితోనూ కలవలేదు. రెండో ఏడాది జ్వరం వచ్చాక ఆ నలుగురూ నన్ను తమలో కలుపుకున్నారు. సినిమాకి నాకూ టికెట్టు తీసేవాళ్ళు, నేను లేకుండా ఫోటో దిగేవాళ్ళు కాదు. ఆ సంతోషం ఎలాంటిదో ఎప్పుడూ ఒంటరిగా కూర్చుని అన్నం తిననివాళ్ళకి తెలియదు. వాళ్ళ గుంపుకి పెద్ద ఒక పొడుగమ్మాయి. తను నవ్వితే అందరం నవ్వేవాళ్ళం, ఎందుకో తెలియకపోయినా.

ఆ చలికాలం సెలవుల్లో నలుగురూ మంచు చూస్తామని మా ఊరు వచ్చారు. అమ్మ హడావుడి అంతా ఇంతా కాదు. మొదటి రోజు పొద్దున్నే రేవుకి తీసుకెళ్ళాను. పళ్ళెం మోగుతుంటే, మంచులోంచి ఒక్కొక్క నావా ముక్కు బయటపెట్టి సరిగ్గా రేవుకి తగులుతుంటే నోళ్ళు తెరుచుకుని చూశారు. నా జన్మలో మొదటిసారి మా ఊరి గురించి గర్వంగా చెప్పాను. పొడుగమ్మాయి అంతా విని, అయితే ఇంకోచోట కొడితే అటు వెళ్ళిపోతారా అని అడిగింది. ఛ, వెళ్ళరు అన్నాను. నాకేం తెలుసు? అలా కొట్టినవాళ్ళు ఎవరూ లేరు మా ఊళ్ళో.

రెండో రోజు మంచు ఇంకా చిక్కగా ఉంది. ఆ రోజు వంతు మా వీధి చివర ముసలావిడది. ఏడున్నరకల్లా నావలన్నీ వచ్చేశాయి, చిన్నాన్నది తప్ప. ఆయన ఒంటరిగా దూరం పోయేవాడు, ఎప్పుడూ ఆఖరునే వచ్చేవాడు. ఈలోగా వీళ్ళు సరుగుడు చెట్ల దిబ్బ చూపించమని లాగారు. రేవుకి దిగువన అర కిలోమీటరు. దాని ముందు నీళ్ళలో ఎప్పుడో తెగిపోయిన పాత గట్టు రాళ్ళు మునిగి ఉంటాయి, అవి దాటితే మొగ. మా నావలు ఆ ఛాయలకే పోవు.

దిబ్బ మీదకి చేరాక పొడుగమ్మాయి శాలువా కిందనుంచి మా వంటింట్లో ఇత్తడి పళ్ళెం తీసింది. పప్పుగుత్తి కూడా తెచ్చింది. వద్దే, చిన్నాన్న ఇంకా రాలేదు అన్నాను. నిజంగానే అన్నాను, రెండుసార్లు అన్నాను. ఒక్క నిమిషమే అన్నారు. నలభై ఏళ్ళ అనుభవం అన్నావుగా, మనం కొడితే మోసపోతాడా అన్నారు. వీడియో తీసి ఆయనకే చూపిద్దాం, ఆయనా నవ్వుతాడు అన్నారు. పొడుగమ్మాయి తనే కొట్టింది, తిరనాళ్ళలో చిన్నపిల్లలు కొట్టినట్టు టకటకమని. మంచు ఏమీ పట్టించుకోలేదు. హమ్మయ్య అనుకున్నాను.

అప్పుడు, నాకు గంజి తాగించిన పిల్ల నా భుజం మీద చెయ్యి వేసి ఎంతో ప్రేమగా అంది.

"మాకు రావట్లేదే. నువ్వొక్కసారి కొట్టి చూపించవూ?"

అంతే. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. నలుగురూ నా వైపు చూస్తున్నారు, వాళ్ళ కళ్ళల్లో వెక్కిరింపు కూడా లేదు. కాదంటే ఆ చూపులు కాస్త చల్లబడతాయి, సాయంత్రానికి మామూలైపోతాయి. అంతకన్నా ఏమీ అయ్యేది కాదు. ఆ కాస్త చల్లదనానికి భయపడి పళ్ళెం అందుకున్నాను. థూ నా బతుకు అని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు.

రెండు దెబ్బలు, ఆగి, ఒక దెబ్బ. నాలుగోసారికి చెయ్యి దానంతటదే నడిచింది. చప్పుడు నా చేతుల్లోంచి పోతున్నట్టు లేదు, నీళ్ళ మీద ఎవరో కొడుతుంటే నాకు వినిపిస్తున్నట్టుంది. దూరంగా రేవులో ముసలావిడ పళ్ళెం కూడా మోగుతోంది, కానీ అది సముద్రం వైపునుంచి వస్తోంది. నేను నిలబడ్డ చోటు ఏదో నాకే అనుమానం వచ్చింది.

అప్పుడు ఇంజిన్ వినిపించింది. ముందు సన్నగా, ఎటో. తరవాత ఒక్క క్షణం నెమ్మదించింది. నెమ్మదించి, తిరిగింది. నావ తిరగడం కనపడలేదు, ఆ చప్పుడు తిరగడం మాత్రం తెలిసింది. చీకట్లో ఎవరో మొహం మనవైపు తిప్పితే తెలిసినట్టు తెలిసింది. మా వైపే వస్తోంది. పిల్లలు ఒకరి చేతులు ఒకరు నొక్కుకున్నారు. పొడుగమ్మాయి వీడియో తీస్తున్న ఫోను ఇంకాస్త ఎత్తిపట్టుకుంది. ఎదురుగా తెలుపు తప్ప ఏమీ లేదు, ఆ తెలుపులోంచి ఇంజిన్ పెరుగుతూ వస్తోంది.

దగ్గరికొచ్చి చప్పుడు తగ్గించుకుంది. ఒక గొంతు ఏదో అడిగింది. మాటలు తెలియలేదు, గొంతు తెలిసింది. చిన్నాన్నది.

నోరు తెరిచాను. పొడుగమ్మాయి నవ్వాపుకుంటూ పెదవుల మీద వేలు పెట్టుకుంది. గంజి తాగించిన పిల్ల నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా కూడా పట్టుకోలేదు. ఆ చెయ్యి విదిలించడానికి చిన్నపిల్ల బలం చాలు. నేను నోరు మూసుకున్నాను. గొంతు ఇంకోసారి అడిగింది. జవాబు లేకపోయేసరికి ఇంజిన్ మళ్ళీ అందుకుంది. మా ముందునుంచే ఎడమనుంచి కుడికి, మనిషి కనపడకుండా, రాళ్ళ వైపు పోయింది. ఒకసారి పెద్దగా అరిచి ఆగిపోయింది.

ఆ తరవాత ఏమీ లేదు. కేక లేదు, నీళ్ళ చప్పుడు లేదు. రేవులో ముసలావిడ పళ్ళెం మాత్రం ఆగకుండా మోగుతోంది.

అప్పుడు అరిచాను. చేతులు కాలాక ఆకులు. ఐదుగురం అరిచాం, ఎవరి కేక ఎటు పోయిందో దేవుడికే తెలియాలి. పడుతూ లేస్తూ రేవుకి పరిగెత్తి, చిన్నాన్న ఇంజిన్ దిబ్బ వైపు పోయి ఆగిపోయిందని చెప్పాను. అంతవరకే చెప్పాను. రెండో పళ్ళెం వినపడిందని రేవులో ఎవరూ అనలేదు, మంచులో మారుమోత అనుకుని ఉంటారు. పళ్ళెం పొడుగమ్మాయి శాలువా కింద మళ్ళీ మా వంటింటికి చేరిపోయింది. ఆ మంచులో రాళ్ళ దగ్గరికి నావ వెయ్యడానికి లేదు. ఇద్దరు మగవాళ్ళు నడుముకి తాళ్ళు కట్టుకుని ఒడ్డువెంట తడుముకుంటూ వెళ్ళారు. అమ్మ నోట్లో కొంగు కుక్కుకుని నిలబడింది. నేను దేవుళ్ళందరికీ మొక్కాను. పదిన్నరకి ఎండ పొడిచి మంచు విరిగాక రాళ్ళ మధ్య రెండు ముక్కలైన నావ, దాని పక్కన ఒక పాత గుంజని కావలించుకుని మెడలోతు నీళ్ళలో చిన్నాన్న కనిపించాడు. బతికే ఉన్నాడు.

రెండు పక్కటెముకలు విరిగాయి. కాకినాడ ఆస్పత్రిలో ఊరి పెద్దలు మంచం చుట్టూ చేరి, నీలాంటివాడు అటు ఎలా పోయాడయ్యా అని అడిగారు. చెవి మోసం చేసిందండి, పళ్ళెం అటునుంచి వినపడింది అన్నాడు. నా వైపు చూడలేదు. నేను తేలు కుట్టిన దొంగలా మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాను.

హాస్టల్లో ఐదుగురం పొడుగమ్మాయి మంచం మీద కూర్చుని ఏడ్చాం. వాళ్ళ ఏడుపు కూడా నిజమే. నోరు తెరిస్తే అందరం పోతాం, ఆయన బతికాడు కదా, ఇక చాలు అని తేల్చారు. వీడియో తీసేద్దాం అన్నారు. తీసేసే ముందు ఒకసారి వింటానని చెప్పి ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. నిమిషమున్నర పాటు తెర నిండా తెలుపు. నా చెయ్యి మోగుతోంది, మూడో దెబ్బ తొందరగా. తరవాత ఇంజిన్. తరవాత ఆ రోజు నాకు అందని మాటలు, ఫోనుకి అందినవి.

"అమ్మాయ్, నువ్వేనా? రేవుకేమైంది?"

దగ్గరగా ఎవరో ముక్కుతో నవ్విన చప్పుడు. మళ్ళీ ఆయనే, "అమ్మాయ్." ఇయర్‌ఫోన్లు తీసి ఫోను ఇచ్చేశాను. ఏమైనా వినిపించిందా అని అడిగారు. లేదన్నాను. తీసేద్దామా అంటే నలుగురూ చేతులెత్తారు, నేనూ ఎత్తాను. నలుగురితో నారాయణ అంటారే, అదన్నమాట.

ఊళ్ళో చిన్నాన్నకి చెవులు పోయాయని స్థిరపడిపోయింది. చెవి సరిగ్గా లేనివాణ్ణి ఎవరూ నావ ఎక్కించుకోరు. తప్పు కాదు, ప్రాణాలతో పని. ఇక ఒడ్డున ఉండిపో పెద్దాయనా అని మర్యాదగానే చెప్పారు. రేవు పాకలో కూర్చుని వలలు బాగుచెయ్యడం మొదలుపెట్టాడు. నేను సెలవులకి వెళ్ళినప్పుడల్లా చూసేదాన్ని. అందరూ ఆయన చెవి దగ్గరికి వచ్చి అరిచేవాళ్ళు. ఆయన కాస్త ఆలస్యంగా తలతిప్పి ఏంటీ అనేవాడు. ఆ ఆలస్యం నాకు ఎక్కడో అతకనట్టుండేది, ఎందుకో అర్థమయ్యేది కాదు.

ఏడాది తిరిగాక ఒక మధ్యాహ్నం పెరట్లో ఆయన ఒక్కడే అటు తిరిగి వల అల్లుకుంటున్నాడు. నేను ఇవతల గుమ్మంలో ఉన్నాను. మధ్యలో ఇరవై అడుగులు, ఎండుటాకుల మీద గాలి. నాలో నేను అనుకున్నంత మెల్లగా, పెదవులు మాత్రం కదిపి చిన్నాన్నా అన్నాను.

ఆఁ అన్నాడు. తల తిప్పలేదు, చేతిలో వల అల్లే కండె ఆపలేదు.

ఆయన చెవులకి ఏమీ కాలేదు. వెళ్ళి కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను. దిబ్బ, పళ్ళెం, వీడియోలో విన్న మాటలు. రేపు పొద్దున రేవులో అందరి ముందూ చెప్పేస్తాను, నీ చెవులు బంగారం లాంటివని చెబుతాను అన్నాను. ఆయన అల్లుతున్న వరస ముగించి ముడి బిగించాడు.

"రెండు పళ్ళేలూ వినపడ్డాయి నాకు. ముసలావిడదీ, నీదీ. ఊరికే కొట్టే పిల్లవి కాదు కదా, రేవు దగ్గర ఏదో అయ్యుంటది, అందుకే అటెళ్ళి కొడతన్నావనుకున్నాను. అందుకే తిప్పాను" అన్నాడు.

వాళ్ళు నలుగురూ కొట్టమన్నారు చిన్నాన్నా అన్నాను. ఆ మాట నోట్లోంచి వస్తుంటేనే ఎంత చచ్చుగా ఉందో తెలిసింది.

"నలుగురడిగితే కొట్టావు. నేనొక్కణ్ణే అడిగితే పలకలేదు."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. నన్ను కాపాడడానికే ఇన్నాళ్ళూ చెవిటివాడిలా ఉన్నావా అని ఏడ్చాను. అప్పుడు కండె పక్కన పెట్టి మొదటిసారి నా మొహంలోకి చూశాడు.

"నీ కోసం కాదే. నన్ను చెవిటోడంటే నేనొక్కణ్ణే ఒడ్డున కూచుంటాను. దొంగ పళ్ళెం కొట్టారని తెలిసిందనుకో, రేపు మంచులో ప్రతివాడూ పళ్ళెం విని ఒక్క నిమిషం ఆలోచిస్తాడు. ఇది నిజమా కాదా అని. నీరు సముద్రంలోకి లాగేటప్పుడు ఆ ఒక్క నిమిషం చాలు. ఎవరికీ చెప్పకు."

నిజం చెప్పేసి తేలికపడదామని వెళ్ళినదాన్ని. ఆ దారి కూడా లేదని తెలిసింది. చిన్నాన్న పోయి మూడేళ్ళయింది. నావల్లో ఫోన్లు దారి చూపిస్తున్నాయి, అయినా మంచు దిగితే మా వాళ్ళు ఇప్పటికీ పళ్ళెమే వింటారు. అందుకే ఇందులో ఊరి పేరు లేదు, ఎవరి పేరూ లేదు. ఇది చదివి ఏ రేవునీ ఎవరూ అనుమానించకూడదు. పిల్లలకి మాత్రం ఒకటి చెప్పాలని ఉంది. మీ చెయ్యి పట్టుకునేవాళ్ళు గట్టిగా పట్టుకోరమ్మా, మెల్లగానే పట్టుకుంటారు, వాళ్ళు మిమ్మల్ని ప్రేమిస్తూ కూడా ఉంటారు. వద్దు అని ఒకసారి అనేసి చేతులు దులుపుకుంటే చాలదు. చెయ్యి విడిపించుకుని అరవాలి.

చిన్నాన్నకి అంతా చెప్పిన మర్నాడు మంచు దిగింది. వంతు మా ఇంటిది. అమ్మ మామూలుగానే పళ్ళెం తెచ్చి నా చేతిలో పెట్టింది. నావల్ల కాదని చెప్పడానికి కారణం చెప్పాలి, కారణం చెప్పడానికి లేదు. చిన్నాన్న నా వెంటే రేవుకి వచ్చి బోర్లించిన నావ మీద కూర్చున్నాడు. చుట్టూ మంచులో జనం, ఊపిరి చప్పుళ్ళు. కొట్టాను. మూడో దెబ్బ తొందరగా పడింది. ఆగు, ఆగడం మర్చిపోకు అని ఆయన నాకు మాత్రమే వినపడేలా అన్నాడు. ఆగి కొట్టాను.

ఇంజిన్లు వినిపించాయి. ఒక్కటీ నెమ్మదించలేదు. ఒక్కడూ ఎవరని అడగలేదు. తెలుపులోంచి ఒక్కొక్క నావా ముక్కు బయటపెట్టి, నేను నిలబడ్డ చోటికే నిటారుగా వచ్చింది. నా మీద అంత నమ్మకంతో వస్తుంటే నాకు ఒళ్ళంతా చెమట పట్టింది. మొదట దిగినాయన తడి బట్టలతోనే వచ్చి, మీ అమ్మాయిది మంచి చెయ్యి పెద్దాయనా అని చిన్నాన్న చెవిలో గట్టిగా అరిచాడు.

చిన్నాన్న కాస్త ఆగి తల తిప్పాడు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఏంటీ అని అడిగాడు.